లోకాపవాదమా, న్యాయపీఠమా? : చైనా నటి రువాన్ లింగ్యూ (1910–1935) జీవితకథనంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చైనా మూకీ చిత్రాల యుగంలో అగ్రశ్రేణి నటిగా పేరొందిన రువాన్ లింగ్యూ 1935 మార్చి 8న షాంఘై నగరంలో ఆత్మహత్య చేసుకొంది. అప్పటికి ఆమెకు ఇరవై అయిదేళ్లు కూడా నిండలేదు. పత్రికల అపవాదే ఆమె మరణానికి కారణమన్న కథనం ఆనాడే స్థిరపడి నేటికీ కొనసాగుతున్నది. ఈ కథనం అసత్యం కాదు, అసంపూర్ణం. మరణించిన మరునాడు ఆమె హాజరు కావలసిన న్యాయస్థానాన్నీ, నాటి చట్టాలు స్త్రీకి కేటాయించిన స్థానాన్నీ, ఆమె సంపాదన చుట్టూ అల్లుకొన్న సంబంధాలనూ పక్కన పెట్టి చెప్పిన కథ అది. వాటిని తిరిగి ఆమె జీవితంలోకి తెచ్చి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రువాన్ లింగ్యూ, షాంఘై చలనచిత్రాలు, మూకీ యుగం, లోకాపవాదం, వివాహ చట్టం, లూషున్.

ఉపోద్ఘాతం

ఒక నటి జీవితచరిత్రను రాయబూనినవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఆధారాలది. రచయిత అయితే రాతప్రతులు, ఉత్తరాలు, ముద్రిత గ్రంథాలు మిగులుతాయి. నటి విషయంలో మిగిలేవి ఇతరులు రాసిన పాత్రలు, ఇతరులు రాసిన వార్తలు, ఇతరులు చెప్పుకొన్న జ్ఞాపకాలు. రువాన్ లింగ్యూ విషయంలో ఈ చిక్కు మరింత పెద్దది. ఆమె నటించిన చిత్రాలు 29 అని చరిత్రకారులు లెక్కగట్టారు. నేడు చూడగలిగినవి వాటిలో పదికి లోపే. ఆమె గొంతు ఎలా ఉండేదో ఆ చిత్రాల ద్వారా మనకు తెలియదు, అవి మూకీలు. ఆమె రాసినట్లు చెప్పే చివరి లేఖలే వివాదగ్రస్తాలు. అందువల్ల ఆమె జీవితాన్ని తెరమీది పాత్రలతో పూరించడం జీవితచరిత్రకారులకు అలవాటైంది. తెరపై ఆత్మహత్య చేసుకొన్న పాత్రను పోషించి, నెల తిరగగానే తానూ అలాగే మరణించిందనే పోలిక అందరినీ ఆకర్షించింది. కాని పోలిక కారణం కాజాలదు. ఈ తేడాను మరచినప్పుడు చరిత్ర కథగా మారిపోతుంది.

బాల్యం – తొలిదశ

రువాన్ లింగ్యూ 1910 ఏప్రిల్ 26న షాంఘైలో జన్మించింది. కుటుంబం దక్షిణాన గ్వాంగ్‌దోంగ్ రాష్ట్రంలోని షియాంగ్‌షాన్ ప్రాంతం నుండి వలస వచ్చింది. తండ్రి ఒక చమురు కంపెనీలో కూలి. ఆమెకు ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఆయన మరణించాడు. తల్లి ఝాంగ్ అనే సంపన్న కుటుంబంలో పనిమనిషిగా చేరి కూతుర్ని పెంచింది. పాఠశాలలో ఆమె పేరు యూయింగ్, 'లింగ్యూ' తెరపేరు. ఛోంగ్‌ద బాలికల పాఠశాలలో చదువుతుండగా ఆ ఇంటి చిన్న కొడుకు ఝాంగ్ దామిన్ ఆమెకు చేరువయ్యాడు. పనిమనిషి కూతురిని కోడలిగా అంగీకరించడానికి ఆ కుటుంబం సిద్ధపడలేదు. పెళ్లితంతు జరగలేదు. పదహారేళ్ల ప్రాయంలో ఆమె చదువు మానేసి అతనితో కాపురం పెట్టింది. తరువాత ఒక పాపను దత్తత తీసుకొంది. ఇక్కడ జరగని ఆ పెళ్లే తొమ్మిదేళ్ల తరువాత న్యాయస్థానంలో ప్రశ్నగా నిలిచింది.

దామిన్ అన్న ఝాంగ్ హుయ్‌ఛోంగ్ సినీరంగంలో ఉన్నవాడు. ఆయన చొరవతో 1926లో ఆమె మింగ్‌షింగ్ కంపెనీలో చేరింది. మరుసటి ఏడు వచ్చిన తొలిచిత్రానికి దర్శకుడు బు వాన్‌ఛాంగ్. ఆ చిత్రం పేరును తెలుగులో 'పేరుకు మాత్రమే దంపతులు' అనవచ్చు. మింగ్‌షింగ్‌లోనూ, అటుపిమ్మట మరో కంపెనీలోనూ గడిచిన మూడు నాలుగేళ్లలో ఆమెకు దక్కినవి ఎక్కువగా మూస పాత్రలే. వాటి గురించి విస్తరించవలసిన పని లేదు. ఈ కాలంలో ఇల్లు గడిచింది ఆమె సంపాదనతోనే. దామిన్ వాటాగా వచ్చిన ఆస్తి జూదంలో కరిగిపోయింది.

ల్యాన్‌హువా సంస్థలో

1930లో లో మింగ్‌యోవ్ స్థాపించిన ల్యాన్‌హువా సంస్థ ఆమె నటజీవితాన్ని మలుపు తిప్పింది. చదువుకొన్న మధ్యతరగతిని తిరిగి సినిమాహాలుకు రప్పించాలన్నది ఆ సంస్థ ఆశయం. అమెరికాలో చదివి వచ్చిన దర్శకుడు సున్ యూ ఆమెలోని శక్తిని మొదట గుర్తించిన వారిలో ఒకడు. అదే ఏడు ఆయన దర్శకత్వంలో వచ్చిన రెండు చిత్రాలతో ఆమె పేరు మారుమోగింది. 1931లో బు వాన్‌ఛాంగ్ తీసిన 'ప్రేమ – కర్తవ్యం' చిత్రంలో ఇల్లు వదిలి వెళ్లిన తల్లిగానూ, ఆమె వదిలిపోయిన కూతురిగానూ రెండు పాత్రలు ధరించింది. ఈ చిత్రం పూర్తిగా నశించిందనే చాలాకాలం అనుకొన్నారు. 1990లలో ఎక్కడో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో దాని ప్రతి బయటపడింది. చైనా మూకీల చరిత్ర ఎంత అదృష్టం మీద ఆధారపడి ఉందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1933లో సున్ యూ తీసిన 'చిన్న ఆటబొమ్మలు' చిత్రంలో ఆమె బొమ్మలు చేసి బతికే పల్లెపడుచు. యుద్ధం ఆమె సంసారాన్ని చిదిమేస్తుంది. ఎదిగిన కూతురిగా నటించిన లి లిలికి, తల్లిగా నటించిన లింగ్యూకి మధ్య వయోభేదం అయిదేళ్లే. అయినా ప్రేక్షకుడికి ఆ సంగతి తట్టదు. ముసలితనాన్ని ఆమె తలమీది నెరిసిన వెంట్రుకలతో కాక భుజాల వాలుతో, నడకలోని తడబాటుతో చూపింది. కూతురు పోయిన తరువాత నూతన సంవత్సరపు టపాసుల మోతను శత్రువుల కాల్పులుగా భ్రమించి వీధిలో కేకలు పెట్టే ఘట్టం ఆమె నటనకు శిఖరాలలో ఒకటి.

అదే 1933లో 'మింగ్‌షింగ్ దినపత్రిక' నిర్వహించిన 'చిత్రరాణి' పోటీలో హు దియెకు 21,334 ఓట్లు రాగా, లింగ్యూకి 7,290 ఓట్లతో మూడవ స్థానం దక్కింది. ఈ అంకెలను చూసి ఆమెకు ప్రజాదరణ తక్కువని భావించడం సరికాదు. హు దియె 1931లోనే టాకీలో నటించి, ఉత్తరాది భాషను చక్కగా పలికిన నటి. లింగ్యూది కాంటనీస్ కుటుంబం, ఆమె నటించే ల్యాన్‌హువా ఇంకా మూకీలను వదలలేదు. టాకీ తరుముకొస్తుండగా మూకీ నటనను దాని చివరి పరిణతికి చేర్చిన నటిగా ఆమెను చూడటమే న్యాయం.

'షెన్‌న్యూ' (1934)

ఆమె నటన గురించి మాట్లాడేవారంతా చివరికి చేరేది ఈ చిత్రం దగ్గరికే. దర్శకుడు వూ యోంగ్‌గాంగ్‌కు ఇది తొలి చిత్రం. అప్పటివరకు ఆయన చిత్రరంగంలో దృశ్యాలంకరణ చేస్తుండేవాడు. 'షెన్‌న్యూ' అంటే దేవకన్య. షాంఘై వాడుకలో అదే మాటకు వీధిలో నిలబడే వేశ్య అని కూడా అర్థం. ఈ శ్లేష ఇంగ్లీషులోకి పోదు కాని మన పాఠకులకు బోధపడటం కష్టం కాదు. అమరకోశం అప్సరసలను 'స్వర్వేశ్యలు' అన్నది కదా.

కథానాయికకు పేరు లేదు. పగలు తల్లి, రాత్రి వేశ్య. ఒక రౌడీ ఆమెను తన సొత్తుగా చేసుకొంటాడు. ఆమె దాచుకొన్న డబ్బుతో కొడుకును బడిలో చేర్పిస్తే, ఆమె వృత్తిని ఆక్షేపించే తల్లిదండ్రుల ఫిర్యాదుతో బడి ఆ పిల్లవాణ్ణి వెళ్లగొడుతుంది. అడ్డుచెప్పిన ప్రధానోపాధ్యాయుడు రాజీనామా చేస్తాడు. దాచిన డబ్బును రౌడీ దోచుకోగా ఆమె సీసాతో కొట్టి అతణ్ణి చంపుతుంది. పన్నెండేళ్ల శిక్ష పడుతుంది. తన తల్లి చనిపోయిందని కొడుకుతో చెప్పమని ప్రధానోపాధ్యాయుణ్ణి కోరుతుంది.

ఈ కథలో కన్నీళ్లకు అవకాశం ఎక్కువ. లింగ్యూ గొప్పతనం కన్నీళ్లను ఆపుకోవడంలో ఉంది. మొదటిసారి రౌడీ గదిలోకి చొరబడి తనను వశపరచుకొన్నాక ఆమె ఏడవదు. బల్లమీద కూర్చుని సిగరెట్ వెలిగిస్తుంది. ఓడిపోయిన మనిషి కొంచెం గర్వాన్నైనా మిగుల్చుకోజూసే తీరు ఆ భంగిమలో కనిపిస్తుంది. రౌడీ కాళ్ల నడుమ నుండి తల్లీబిడ్డలను చూపిన దృశ్యబంధం దర్శకుడి ప్రతిభ. కాని ఆ ఇరుకులో బిడ్డను పొదువుకొన్న చేతులు మాత్రం నటివి. వూ యోంగ్‌గాంగ్ ఇదే కథను 1938లో హు దియెతో టాకీగా మళ్లీ తీశాడు. ఆ ప్రయత్నం మొదటి చిత్రానికి దక్కిన స్థానాన్ని అందుకోలేకపోయింది.

'నవ్య స్త్రీ' – పత్రికలతో తగాదా

1934 ఫిబ్రవరిలో అయ్ షియా అనే నటి, రచయిత్రి ఆత్మహత్య చేసుకొంది. ఆమె బతికుండగానూ పోయాకానూ పత్రికలు ఆమె వ్యక్తిగత జీవితాన్ని అంగడికెక్కించాయి. ఆ ఉదంతం ఆధారంగా ఛాయ్ ఛుషెంగ్ 'నవ్య స్త్రీ' చిత్రాన్ని తీశాడు. 1935 ఫిబ్రవరి మొదట, చైనా నూతన సంవత్సర వేళ అది విడుదలైంది. సంగీత ఉపాధ్యాయిని, నవలా రచయిత్రి అయిన వెయ్ మింగ్ పాత్రను లింగ్యూ ధరించింది. జబ్బుపడిన బిడ్డకు వైద్యం చేయించలేక, ధనికుడి వలలో పడలేక, పత్రికల నిందకు గురై వెయ్ మింగ్ విషాదాంతం చెందుతుంది. చివరి క్షణాలలో తాను బతకాలని ఆమె పలికే మాట అక్షరాలుగా పెరిగి పెరిగి తెరను నింపుతుంది. దీనికి పాటలు కూర్చిన నియె అర్, ఆ ఏడాదే నేటి చైనా జాతీయగీతానికి స్వరం కట్టాడు.

చిత్రంలో నీతిమాలిన పత్రికారచయిత పాత్ర ఉంది. షాంఘై విలేకరుల సంఘం దానికి భగ్గుమంది. ఆ ఘట్టాలు తొలగించాలని, క్షమాపణ చెప్పాలని పట్టుబట్టింది. ల్యాన్‌హువా రెండింటికీ లొంగింది. సంస్థ వెనక్కి తగ్గాక మిగిలిన కసి ఎవరిమీదికి మళ్లిందో వేరే చెప్పనక్కరలేదు. సరిగ్గా అప్పుడే ఝాంగ్ దామిన్ వ్యాజ్యం పత్రికలకు చేతికందింది.

వ్యాజ్యం – చట్టం

ప్రసిద్ధ కథనం తొందరగా దాటిపోయే భాగం ఇదే కనుక కొంత ఆగి చూడాలి. 1932 చివరలో లింగ్యూకి తేయాకు వర్తకుడు తాంగ్ జీషాన్‌తో పరిచయమైంది. అతనికి స్వస్థలంలో భార్య ఉంది. అంతకుముందే 1926లో తొలి 'చిత్రరాణి'గా ఎన్నికైన నటి ఝాంగ్ ఝియున్‌తో కలిసి ఉండి, ఆమెను విడిచిపెట్టినవాడు. 1933 ఏప్రిల్‌లో లింగ్యూ న్యాయవాది సమక్షంలో దామిన్‌తో తెగతెంపుల ఒప్పందం చేసుకొంది. దాని ప్రకారం ఆమె అతనికి రెండేళ్లపాటు నెలకు 100 యువాన్లకు మించకుండా ఇవ్వాలి. విడిపోతున్నప్పుడు పురుషుడు స్త్రీకి భరణం ఇవ్వడం లోకరీతి. ఇక్కడ స్త్రీ సంపాదన పురుషుడికి భరణమైంది. ఆ రెండేళ్ల గడువు 1935 ఏప్రిల్‌కు ముగుస్తుంది. గడువు ముగియవచ్చే వేళకే కోర్టు గొడవలు ముదిరాయన్నది కాకతాళీయంగా తోచదు.

దామిన్ ఆరోపణలలో ఆస్తి అపహరణ, పత్రాల కల్పనలతో పాటు పరపురుష సంబంధం కూడా ఉంది. నాడు అమలులో ఉన్న 1928 నాటి శిక్షాస్మృతి ప్రకారం భర్త ఉన్న స్త్రీ పరపురుషునితో సంబంధం పెట్టుకొంటే ఆమెకూ, ఆ పురుషునికీ శిక్ష. భార్య ఉన్న పురుషుడు అవివాహితతో కలిసి ఉంటే నేరం కాదు. ఈ పక్షపాతాన్ని నిరసిస్తూ 1934 చివరలో నాన్‌జింగ్, షాంఘై నగరాల మహిళాసంఘాలు ఉద్యమించాయి. ఫలితంగా 1935 జనవరి 1న ప్రకటించిన కొత్త శిక్షాస్మృతి భార్యాభర్తలిద్దరికీ ఒకే నియమం పెట్టింది. కాని అది అమలులోకి వచ్చింది జులై 1న. లింగ్యూ విచారణ తేదీ మార్చి 9. స్త్రీలు గెలిచిన చట్టానికీ, అది చేతికందడానికీ నడుమనున్న ఆరునెలల సందులో ఆమె నిలబడవలసి వచ్చింది.

అభియోగం నిలవాలంటే దామిన్ ఆమెకు భర్త కావాలి. 1931లో అమలులోకి వచ్చిన కుటుంబ చట్టం బహిరంగ వివాహతంతును, కనీసం ఇద్దరు సాక్షులను కోరుతున్నది. వారి కాపురం అంతకు అయిదేళ్ల ముందే మొదలైంది, తంతు ఏదీ లేదు. ఈ లెక్కన ఆమె పక్షం బలమైనదే. అయితే ఆమె కోర్టులో ఏమని చెప్పాలి? భార్యనని ఒప్పుకొంటే నేరస్థురాలు. భార్యను కానంటే, ఏళ్లపాటు పెళ్లి లేకుండా ఒకరితోనూ, ఆపై వివాహితుడైన మరొకరితోనూ ఉన్నానని బోనులో నిలబడి, విలేకరులు రాసుకొంటుండగా, తన నోటితో చెప్పాలి. చట్టం ఆమెను విడుదల చేసే సమాధానమే లోకం ఆమెను దోషిని చేసే సమాధానం. అపవాదుకు కోరలు వచ్చింది ఇక్కడ. పత్రికలు కేవలం పుకార్లు రాయలేదు, సమన్ల వెనుక నిలబడి రాశాయి.

లేఖల వివాదం

మార్చి 8న, అంతర్జాతీయ మహిళాదినం నాడు ఆమె మరణించింది. మార్చి 14న జరిగిన అంతిమయాత్రకు అపారమైన జనసందోహం వచ్చింది. తాంగ్ జీషాన్ వెల్లడించగా పత్రికలలో వచ్చిన చివరి లేఖలలో 'జనులమాట భయావహం' అన్న అర్థం గల నాలుగక్షరాల పలుకుబడి ఉంది. చైనా ప్రాచీన గేయసంకలనం 'షి జింగ్'లో, ప్రియుణ్ణి రావద్దని వారించే ఒక కన్య పాట నుండి పుట్టిన పలుకుబడి ఇది. తెలుగులో దీనికి సాటి అయిన మాట 'లోకాపవాద భీతి'. ఉత్తరరామకథ చదివినవారికి ఆ మాట బరువు తెలుసు. అపవాదు లోకానిది, నిర్ణయం రాజుది, అడవి సీతది.

లింగ్యూ పేరిట మరో జత లేఖలు 1935 ఏప్రిల్ 26న ఒక చిన్న పత్రికలో వచ్చాయి. వాటిలో లోకాపవాదం ప్రసక్తి లేదు. దామిన్‌తో పాటు తాంగ్ జీషాన్ మీద కూడా నేరుగా నింద ఉంది. అతడు తనను కొట్టాడన్న మాట ఉంది. మొదటి లేఖలు తాంగ్ రాయించిన కల్పితాలన్న ఆరోపణ ఆ పత్రికదే. అరవై ఏళ్లకు పైగా మరుగున పడిన ఈ లేఖలు ఇటీవలి దశాబ్దాలలో మళ్లీ చర్చలోకి వచ్చాయి. పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఏ జత అసలుదన్న ప్రశ్న కన్నా, మొదటి జత వల్ల ఎవరికి మేలు జరిగిందన్న ప్రశ్న చరిత్రకారుడికి ఎక్కువ ఉపయోగకరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దోషం 'జనుల'దైనప్పుడు ఏ ఒక్క మనిషిదీ కాకుండా పోతుంది.

లూషున్ స్పందన

నాటి చైనా సాహిత్యంలో అగ్రగణ్యుడైన లూషున్ ఆ ఏడాది మే నెలలో ఝావో లింగ్‌యి అన్న మారుపేరుతో ఒక వ్యాసం ప్రచురించాడు. శీర్షిక ఆ నాలుగక్షరాల పలుకుబడి మీదే. తమకు ఆ మరణంతో సంబంధం లేదని తప్పుకోజూసిన విలేకరులకు అది జవాబు. పత్రికలకు అధికారం ముందు బలం లేకపోవచ్చు, నోరులేని దుర్బలుల ముందు మాత్రం ఉందన్నది ఆయన వాదన సారం. అంతటితో ఆగలేదు. ఇతరుల రహస్యాలను, ముఖ్యంగా పేరున్న స్త్రీ రహస్యాలను చదివి, తాము ఆమెకంటే మేలని తృప్తిపడే పాఠకులను కూడా ఆయన వదల్లేదు. 'జనులు' అన్న మాటలో ఎవరెవరు ఇమిడి ఉన్నారో విడదీసి చూపిన తొలి విమర్శ అది. న్యాయస్థానం సంగతిని ఆయన విస్తరించలేదు; విలేకరులకు జవాబు చెప్పడమే అక్కడ ఆయన పని.

తరువాతి తెర

1991లో హాంకాంగ్ దర్శకుడు స్టాన్లీ క్వాన్ ఆమె జీవితాన్ని చిత్రంగా తీశాడు. లింగ్యూగా నటించిన మ్యాగీ చెంగ్‌కు 1992 బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమనటి పురస్కారం వచ్చింది. ఈ చిత్రం జీవితకథను నిరాటంకంగా చెప్పదు. మధ్యమధ్య నటీనటులు తమ పాత్రల గురించి దర్శకుడితో మాట్లాడుకొంటారు. వృద్ధురాలైన లి లిలి తన సహనటిని గుర్తు చేసుకొంటుంది. లింగ్యూ నటించిన అసలు చిత్రాల తునకలు, మ్యాగీ చెంగ్ అభినయం పక్కపక్కనే వస్తాయి. కొన్ని చోట్ల అసలు చిత్రం లభించడం లేదని తెరమీదే చెబుతుంది. మిగలని దానిని మిగలలేదని చూపే ఈ పద్ధతి చాలా జీవితచరిత్రలలో కనబడదు. అయితే ఈ చిత్రం కూడా న్యాయస్థానం లోపలికి వెళ్లదు. మార్చి 9వ తేదీ విచారణ పట్టికలో ఆమె పేరు ఉంది, నిందితురాలి స్థానంలో.